ఊరి సర్వే చేశాను.. ఈ దారిలో ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో 50 గడపల గిరిజన గ్రామం. బీఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం మా ఊరి జనాభా, జీవనోపాధుల మీద సర్వే చేశాను. ఆ పని బాగా నచ్చింది. నాన్న మాత్రం గ్రూప్స్‌కి ప్రిపేరవమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఉద్యోగాలున్నాయి. కానీ ముందు మీరు పంపిన సర్వే ఫారం గురించి మాట్లాడాలి. అందులో వృత్తికి ఒక్కటే గడి పెట్టారు. దాదాపు ప్రతి ఇంటికీ ‘వ్యవసాయం’ అని నింపేశారు. మీ ఇంటి సంగతే చూడండి. చలికాలంలో కాఫీ పళ్లు కోస్తారు, తర్వాత మిరియాలు. ఎండల్లో చింతపండు. వానలు పడితే చోళ్లు, సామలు. మధ్యలో ఉపాధి హామీ పని. ఇదంతా ఒక్క గడిలో ఎలా పడుతుంది? జనగణన వాళ్లు కూడా ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేసినవారిని ఒక రకంగా, అంతకు తక్కువ చేసినవారిని మరో రకంగా లెక్కిస్తారు. మీరు నెలనెలా ఏం పని చేశారని అడగాల్సింది. కాఫీని గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి ఇచ్చారా, సంతలో షావుకారికి ఇచ్చారా? పళ్లుగానే అమ్మారా, పైతొక్క తీసి ఆరబెట్టి, పార్చ్‌మెంట్ గింజలు చేసి అమ్మారా? 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిందా? ఇంటి ఆదాయం తేలేది ఇక్కడే.

జనాభా దగ్గరా ఇదే చిక్కు. సెలవులు కాబట్టి హాస్టల్ పిల్లలు ఇంట్లోనే ఉండి లెక్కలోకి వచ్చి ఉంటారు. కూలికి మైదానానికి పోయినవాళ్ల సంగతేంటి? ఫారంలో ఆ ప్రశ్నే లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, పెద్ద సంస్థల సర్వేల్లోనూ ఇలాంటివి చూశాను. ఇవి ముందే పసిగట్టే మనిషి కోసమే సంస్థలు వెతుక్కుంటాయి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడగలిగితే మరీ మంచిది. చాలామంది పిల్లలు రెజ్యూమెలో ఆ భాషలు రాయడానికే మొహమాటపడతారు, అదేంటో!

డిగ్రీ అయ్యాక గ్రామీణాభివృద్ధి, సోషల్ వర్క్, ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం)లలో పీజీ చేయొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ విభాగం ఉంది, దానికి ఏపీ పీజీసెట్ రాయాలి. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ. హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ (ఎన్ఐఆర్డీపీఆర్) గ్రామీణాభివృద్ధిలో పీజీ డిప్లొమా నడుపుతుంది. ఎకనామిక్స్‌లోనే పీజీ చేస్తే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ రాసే వీలుంటుంది. ఏది ఎంచుకున్నా ఎక్సెల్, కాస్త స్టాటిస్టిక్స్ ఇప్పటి నుంచే నేర్చుకోండి.

స్వచ్ఛంద సంస్థల్లో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంత కాలమే. జీతమూ అంతంతమాత్రం. నాన్నగారి టెన్షన్ అదే అయ్యుంటుంది, అందులో న్యాయం ఉంది. గ్రూప్స్ పీజీ తర్వాత కూడా రాయొచ్చని ఆయనకు చెప్పండి.

ఈలోగా ఫారం మార్చి, కాఫీ కోతలప్పుడు ఓ పది ఇళ్లకు మళ్లీ వెళ్లండి. రాత్రి భోజనాలయ్యాకే వెళ్లాలి, పగలైతే అందరూ తోటల్లోనే ఉంటారు.