దుకాణంలో చెప్పే 50 వేరు, చట్టం అడిగే 50 వేరు: కారు అద్దాల ఫిల్మ్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: కొత్త కారు తీసుకున్నాం సార్. మాది విజయవాడ, ఇక్కడి ఎండల గురించి మీకు చెప్పక్కర్లేదు. కార్ డెకార్స్ షాపతను "ఇప్పుడు సన్ ఫిల్మ్ లీగలే, కేరళ హైకోర్టు చెప్పేసింది, డోర్లకి 50 శాతం ఫిల్మ్, ముందూ వెనకా 70 శాతం ఫిల్మ్ వేసి సర్టిఫికెట్ కూడా ఇస్తా" అంటున్నాడు. వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం దగ్గరే మీకు చలానా పడుతుంది.

ముందు కథ ఏమిటంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో రూల్ 100 అని ఒకటుంది. ముందు అద్దం, వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు పోవాలి, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం పోవాలి అంటుంది. ఈ లెక్కనే వీఎల్‌టీ (విజిబుల్ లైట్ ట్రాన్స్‌మిషన్) అంటారు. చాలా ఏళ్లు జనం దీన్ని "సరే, ఆ మేరకు ఫిల్మ్ వేసుకోవచ్చు" అనే అర్థం చేసుకున్నారు. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఆ శాతాలు కంపెనీ తయారుచేసిన అద్దానికి చెప్పినవి, దాని మీద మీరు ఏ శాతం ఫిల్మ్ అతికించినా తప్పే అంది. ఆ ఏడాది మే 4 నుంచి అమలు చేయమంది. ఫిల్మ్ కంపెనీలు మళ్లీ కోర్టుకు వెళ్లినా అదే ఏడాది ఆగస్టులో కాదు పొమ్మంది. మన దగ్గర పోలీసులు ఈ రోజుకీ చేతిలో పట్టుకుని మాట్లాడేది ఆ తీర్పే.

తర్వాత రూలే మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో "సేఫ్టీ గ్లాస్" అన్నచోట "సేఫ్టీ గ్లాస్ లేదా సేఫ్టీ గ్లేజింగ్" అని చేర్చారు. అద్దానికి లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న రకం కూడా ఆ గ్లేజింగ్ కిందికి వస్తుంది, దానికి ఐఎస్ 2553 రెండో భాగం, 2019 అనే ప్రమాణం ఉంది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఈ సవరణనే పట్టుకుని, 70-50 లెక్క తప్పకపోతే కారు యజమాని కూడా అలాంటి ఫిల్మ్ వేయించుకోవచ్చు, దానికి జరిమానా వేయకూడదు అని చెప్పింది. అంటే షాపతను గాల్లోంచి తెచ్చిన మాట కాదు. కాకపోతే అది కేరళ హైకోర్టు తీర్పు. బెజవాడ బెంజి సర్కిల్లో బండి ఆపిన ఎస్సై దానికి కట్టుబడాల్సిన పని లేదు. రేపు ఇక్కడి హైకోర్టులో మీ తరఫు లాయరు దాన్ని చూపించి వాదించుకోవచ్చు, అంతవరకే దాని బలం.

ఇక అసలు మోసం అంకెలో ఉంది. రూల్లో ఉన్న 50 అద్దమూ ఫిల్మూ కలిపి పోనిచ్చే వెలుతురు. షాపులో చెప్పే 50 ఫిల్మ్ ఒక్కదానిది. రెండు జల్లెడలు ఒకదాని కింద ఒకటి పెట్టినట్టు, అద్దం కొంత ఆపుతుంది, దాటి వచ్చినదాంట్లో ఫిల్మ్ ఇంకొంత ఆపుతుంది. మీ డోర్ గ్లాస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే, కాస్త ఆకుపచ్చ రంగుతో, 75 శాతం వెలుతురు పంపుతుందనుకోండి. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37.5. ఫెయిల్. 70 శాతం ఫిల్మ్ వేస్తే 52.5, బొటాబొటిగా పాస్. ముందు అద్దం సంగతి ఇంకా ఘోరం, అద్దం తనే 75 పంపుతుంటే మొత్తం 70 నిలబడాలంటే ఫిల్మ్ 93 శాతానికి పైన పంపాలి, అంటే దాదాపు మంచినీళ్లంత తేటగా ఉండాలి. షాపతను వేస్తానంటున్న "70 ఫిల్మ్" వేస్తే అక్కడ మిగిలేది 52.5 మాత్రమే. కేరళ తీర్పు ప్రకారం చూసినా అది తప్పే.

నన్నడిగితే, ముందూ వెనకా అద్దాల జోలికి పోవద్దు. డోర్లకి వేయించాలని గట్టిగా ఉంటే, వేశాక మీ అద్దం మీదే మీటరు పెట్టి మొత్తం ఎంత వస్తోందో చూపించమనండి, ఆ అంకెనీ ఫిల్మ్ ఏ ప్రమాణానికి సరిపోతుందో దాన్నీ బిల్లు మీద రాయించుకోండి. మీటరు లేదు అంటే ఇంకో షాపు చూసుకోండి. అంతా పక్కాగా చేసినా రోడ్డు మీద ఆపితే గొడవ తప్పకపోవచ్చు, ఆ టెన్షన్ వద్దనుకుంటే వేయించకండి.

ఇంకో మాట. నలుపు ఎక్కువైతే చల్లదనం ఎక్కువ అనుకుంటారు చాలామంది. ఎండలో వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. చవక నల్ల ఫిల్మ్ మీ చూపును ఆపినంత బాగా దాన్ని ఆపదు. తేటగా కనిపిస్తూనే ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే సిరామిక్ రకాలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువే. కానీ రాత్రిపూట వానలో, లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉన్నప్పుడు తేట అద్దం విలువేంటో తెలుస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో చెకింగ్‌లో నా కారు ఆపారు. ఏ మీటరూ పెట్టలేదు, చూసి "బ్లాక్ ఫిల్మ్" అన్నారు, కానిస్టేబుల్ గారు అక్కడికక్కడే పీకేశారు, పైగా చలానా. కొలవకుండా పీకే హక్కు ఉందా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: 2012 తీర్పు ప్రకారమైతే ఉంది. చలానా వేయడమే కాదు, ఫిల్మ్ తీసేయాలని కూడా అందులో ఉంది. ఏ శాతం ఫిల్మ్ అయినా తప్పే అన్నప్పుడు కొలవాల్సిన పనే లేదు, ఫిల్మ్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. అందుకే మన పోలీసులకు టింట్ మీటరు లేకపోయినా పని ఆగదు. 2022లో జూబ్లీహిల్స్ వైపు పెద్ద పెద్ద సినిమా హీరోల కార్లు ఆపి ఫిల్ములు పీకి 700 రూపాయల చలానా రాస్తే పేపర్లన్నీ ఫొటోలు వేశాయి గుర్తుందా, అదీ ఆ తీర్పు బలమే. కొలవాలి అనే వాదన 2021 సవరణ తర్వాతే మళ్లీ మొదలైంది, అది రోడ్డు మీద తేలే వాదన కాదు.

చలానా అన్యాయం అనిపిస్తే కట్టకండి. చలానా కట్టడం అంటే కేసును రాజీ చేసుకోవడం, అది బలవంతం కాదు. ఈ-చలానా సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా కోర్టులో తేల్చుకుంటా అనొచ్చు. అయితే అద్దమూ ఫిల్మూ కలిపిన లెక్క 50 దాటి ఉందని చూపించే బిల్లూ కాగితం మీ దగ్గర ఉంటేనే అంత దూరం వెళ్లండి. కేంద్ర చట్టంలో సెక్షన్ 177 కింద ఇలాంటివాటికి మొదటిసారి 500, మళ్లీ దొరికితే 1500 వరకు జరిమానా. రాజీ ఫీజు ఎంతన్నది రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి కాబట్టి మీ ఫోన్‌కి వచ్చే అంకె వేరే ఉండొచ్చు. కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు దానికంటే ఎక్కువ అవుతుందని వేరే చెప్పాలా!

ప్రశ్న: మా ఊళ్లో ఎమ్మెల్యే స్టిక్కరు ఉన్న ఫార్చ్యూనర్లు నాలుగైదు తిరుగుతాయి, లోపల మనిషున్నాడో లేదో కూడా కనపడదు. వాళ్లకి మినహాయింపు ఉందా?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: లేదు. మినహాయింపు జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ల వాహనాలకే, అదీ పోలీసు ఉన్నతాధికారులు, హోం శాఖ చూసి ఒప్పుకుంటేనే. స్టిక్కరుకు చట్టంలో విలువ సున్నా. ఆపే ధైర్యం ఎవరికుంది అంటారా, ఆ ప్రశ్న ఈ శీర్షికకు పెద్దది.

ప్రశ్న: మా పాపకి తొమ్మిది నెలలు, వెనక సీట్లో కూర్చుంటే ఎండ మొహం మీద పడుతోంది. జాలీ షేడ్ పెట్టుకోవచ్చా? అది కూడా ఫిల్మ్ కిందకే వస్తుందా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, తీర్పులో ఉన్నది అద్దం మీద ఫిల్మ్ గానీ ఇంకేదైనా పదార్థం గానీ వేయడం గురించి. పీకితే వచ్చేసే జాలీ, కర్టెన్ దాని కిందకి వస్తాయా రావా అని లాయర్లు వాదించుకోవచ్చు గానీ ఆపిన పోలీసులు మాత్రం చాలాసార్లు రెంటినీ ఒకటిగానే చూస్తారు. వెనక డోరుకు, పాప కూర్చున్న వైపు ఒక్కదానికే, ఎండ పడే వేళల్లో పెట్టుకోండి, ఎవరైనా ఆపితే వెంటనే తీసి లోపల పెట్టండి, పాపని చూశాక చలానా రాసేవాళ్లు తక్కువే. డ్రైవరు పక్క అద్దాలకీ, వెనక పెద్ద అద్దానికీ మాత్రం నడిపేటప్పుడు ఏదీ పెట్టొద్దు. అది చలానా భయంతో చెప్పడం లేదు, పక్కనుంచి దూసుకొచ్చే బైకు మీవారికి కనపడాలి కదా. పార్కింగ్‌లో ముందు అద్దానికి వెండి రంగు షేడ్ పెట్టుకుని, కదిలేముందు మడిచేయడం అందరూ చేసేదే.

ప్రశ్న: నాకు ఎండ అస్సలు పడని చర్మవ్యాధి. స్కిన్ డాక్టరు చీటీ ఇచ్చారు. చూపిస్తే వదిలేస్తారా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: రూల్ 100లో ఆరోగ్యం పేరుతో మినహాయింపు లేదండీ. చీటీ చూసి మనసు కరిగితే వదిలేస్తారు, అది వాళ్ల దయ. అయితే మీ అవసరం నల్ల అద్దంతో తీరేది కాదు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు ఆగడంతో తీరేది. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొరతో చేస్తారు కాబట్టి అది ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. డోర్ల గాజు అలా కాదు, యూవీఏ అనే రకం చాలావరకు దాటి వస్తుంది. కాబట్టి మీకు కావాల్సింది డోర్లకి తేటగా ఉండే యూవీ ఫిల్మ్. అది పైన చెప్పిన 50 లెక్కలోకి తేలిగ్గా వస్తుంది, బయటి నుంచి చూస్తే కంటికి ఆనదు కూడా. పొడుగు చేతుల చొక్కా ఎలాగూ వేసుకోండి.

ప్రశ్న: టెక్సాస్ ఫ్రిస్కోలో ఉంటాం. ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్తున్నాను. ముందు డోర్లకి ఇక్కడ లీగల్‌గానే వేయించిన టింట్ ఉంది, అక్కడ పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: పనికిరాదు. టెక్సాస్‌లో ముందు డోర్లు 25 శాతం వెలుతురు పంపితే చాలు. కాలిఫోర్నియాలో ముందు డోర్ల మీద రంగు ఫిల్మే కుదరదు, తేట ఫిల్మ్ వేసినా అది 88 శాతం పంపాలి, అద్దంతో కలిపి 70 తగ్గకూడదు. వెనక డోర్లకి, వెనక అద్దానికి రెండువైపులా బయటి మిర్రర్లు ఉంటే ఎంత ముదురైనా పర్లేదు. అందుకే అక్కడ చాలా కార్లు ముందు తేటగా, వెనక నల్లగా కనిపిస్తాయి. దొరికితే మామూలుగా ఇచ్చేది ఫిక్స్-ఇట్ టికెట్, ఫిల్మ్ తీయించి, తీసినట్టు సంతకం పెట్టించి, 25 డాలర్లు కడితే కేసు కొట్టేస్తారు. వెళ్లేముందే ముందు డోర్ల ఫిల్మ్ తీయించుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నా. నల్ల ఫిల్మ్ ఉంది. పాత ఓనరు వేసింది కదా, నాకేం సంబంధం?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రోడ్డు మీద ఆపేది మీ బండిని, అప్పుడు పాత ఓనరు పక్కన ఉండడు. కొనేముందు నంబరు కొట్టి పాత చలానాలు ఎన్ని ఉన్నాయో చూసి, అవి అతనితోనే కట్టించండి, ఆర్‌సీ మార్చుకునేటప్పుడు మీకు తలనొప్పి తగ్గుతుంది. ఫిల్మ్ మీరే తీయించండి. వెనక అద్దానికి లోపలివైపు సన్నటి అడ్డగీతలు ఉంటే అవి అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ తీగలు, బ్లేడుతో గీకారంటే తెగిపోతాయి, మళ్లీ అతకడం కష్టం. వేడిగాలి గానీ ఆవిరి గానీ పట్టి, జిగురు మెత్తబడ్డాక, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగాలి. ఆ పని పోలీసు చెకింగ్‌లో ఎవరూ ఓపిగ్గా చేయరు, కాబట్టి కారు ఇంటికి తెచ్చిన వారంలోనే షాపులో తీయించేయండి.