గోడలో పైపులు దబదబలాడుతుంటే

హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: "వాషింగ్ మెషీన్‌లో నీళ్లు ఆగినప్పుడల్లా గోడలో దబ్బుమంటోంది. చుట్టపుచూపుగా వచ్చిన అత్తయ్యగారు హడలిపోతున్నారు. గోడ పగలగొట్టించాలా?"

అక్కర్లేదండీ. చాలావరకు గోడ జోలికి పోకుండానే తగ్గుతుంది.

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో మీరీ చప్పుడు వినలేదంటే కారణముంది. అక్కడ నీళ్లు డాబా మీది ట్యాంకు నుంచి దిగుతాయి. ప్రతి 10 అడుగుల ఎత్తుకు వచ్చే ప్రెషర్ 4 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే కొలత) కాస్త పైన, అంతే. ఇక్కడ వీధి లైన్ నుంచి 60 పీఎస్‌ఐ రావడం మామూలు. అంటే దాదాపు 140 అడుగుల ఎత్తున ట్యాంకు కట్టుకున్నట్టు! పైగా అక్కడ ఇటుక గోడకు గాడి కొట్టి, పైపు పెట్టి సిమెంటుతో పూడుస్తారు. ఇక్కడ చెక్క ఫ్రేము మధ్య బోలు గోడలో క్లాంపుల మీద ఉంటుంది, అవి వదులైతే ఊగుతుంది. మెషీన్ వాల్వు టక్కున మూసుకోగానే పరుగు మీదున్న నీళ్ల దెబ్బంతా పైపు మీదే పడుతుంది. ప్లంబర్లు వాటర్ హామర్ అనేది దీన్నే.

ప్లంబర్ని పిలిచేముందు హార్డ్‌వేర్ షాపులో ప్రెషర్ గేజ్ కొనండి. గరిష్ఠం దగ్గర ఆగిపోయే ఎర్రముల్లు ఉన్నదైతే మేలు, ఎందుకంటే ఊరంతా పడుకున్నాక ప్రెషర్ పెరుగుతుంది. ఇంటి బయట తోట కుళాయికి బిగించి, కుళాయి తిప్పి, రాత్రంతా వదిలేయండి. 80 దాటితే చాలావరకు ప్రెషర్ తగ్గించే వాల్వు లేనట్టు, లేదా ఉన్నది పాడైనట్టు. అది ప్లంబర్ పనే.

ప్రెషర్ బాగానే ఉంటే ఈ దెబ్బను తాము మింగేసే హామర్ అరెస్టర్లు తెచ్చుకోండి. మెషీన్ వెనక వేడినీళ్ల కుళాయికొకటి, చన్నీళ్లకొకటి. కుళాయిలు కట్టేసి, హోసు విప్పి, మధ్యలో ఇది బిగించడమే. వాషర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి, లేకపోతే చప్పుడు పోయి లీకేజీ వస్తుంది.

వేడినీళ్లు తిప్పినప్పుడు టిక్కుటిక్కుమంటే రాగి పైపు సాగి చెక్కకు రాసుకుంటోందన్నమాట, ప్రమాదమేం లేదు. ఫ్లష్ తర్వాత మూలిగితే ఫ్లష్ ట్యాంకులో నీళ్లు నింపే ఫిల్ వాల్వు మార్చండి. పై బాత్రూం నీళ్లు హాలు గోడలో జలజలా దిగే చప్పుడుకు మాత్రం గోడ తెరవాల్సిందే. నేనైతే దాని జోలికి పోను, టీవీ సౌండ్ కొంచెం పెంచుకుంటా.

అద్దె ఇల్లయితే ఇవేవీ మీరు ముట్టుకోకండి. చప్పుడు వినపడేలా ఫోన్లో వీడియో తీసి, ఓనరుకో మెయింటెనెన్స్ వాళ్లకో రాతపూర్వకంగా పంపండి.