రికార్డు ఫొటో పంపేముందు లొకేషన్ తీసేయండి

జాజ్ వినేవాళ్ల మధ్య ఒక అలవాటుంది. రాత్రి పని ముగించుకుని రికార్డు పెట్టగానే "ఇప్పుడు ఇది తిరుగుతోంది" అని కవర్ ఫొటో ఒకటి, తిరుగుతున్న లేబుల్ ఫొటో ఒకటి, ఓపికుంటే అర నిమిషం వీడియో ఒకటి స్నేహితులకు పంపుతారు. నాకు చాలా ఇష్టమైన అలవాటు ఇది. ఒకరు పంపింది చూసి ఇంకొకరు ఎప్పుడో మరిచిపోయిన ఎల్పీని బీరువాలోంచి తీసి దుమ్ము తుడుస్తారు. కానీ ఈ పంచుకోవడంలో వచ్చే సందేహాలే మళ్లీ మళ్లీ నా దగ్గరికి వస్తున్నాయి, అందులో ఒకటి నన్ను నిజంగా కంగారు పెట్టింది. అందుకే ఈసారి అన్నీ ఇవే.

ప్రశ్న: బిల్ ఎవాన్స్ ట్రయో విలేజ్ వాన్‌గార్డ్ రికార్డు ఇంట్లో స్పీకర్లలో హాయిగా వినిపిస్తోంది. అదే వీడియో కాల్‌లో ఫ్రెండ్స్‌కి వినిపిస్తే డ్రమ్స్ మాయం, పియానో మునిగి తేలుతోంది. కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చాలా?

కార్ట్రిడ్జ్ జోలికి వెళ్లకండి. తప్పంతా కాల్ యాప్‌ది. అందులో ఉండే నాయిస్ సప్రెషన్ పని మనిషి గొంతును ఉంచి మిగతాది తుడిచేయడం. మీరు పెట్టిన రికార్డులో డ్రమ్మర్ పాల్ మోషన్ స్నేర్ డ్రమ్ మీద బ్రష్‌లు రాస్తుంటే వచ్చే ఆ మెత్తటి గరగర దానికి ఫ్యాన్ చప్పుడులాగే అనిపిస్తుంది, తీసేస్తుంది. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని ఆ చిన్న క్లబ్బులో జనం ముందు రికార్డు చేసిన సంగీతం అది. వెనక టేబుళ్ల దగ్గర గ్లాసులు తగులుకునే చప్పుడు కూడా గాడిలో ఉంది. ఆ రోజు బేస్ వాయించిన స్కాట్ లఫారో జూలై 6న కారు ప్రమాదంలో చనిపోయాడు, అప్పటికి అతనికి పాతికేళ్లే. అలాంటి రికార్డులోంచి గదినీ బ్రష్‌లనీ తీసేసి వినిపిస్తే అవతలివాళ్లు విన్నదేమిటి?

కొన్ని కాల్ యాప్‌లలో 'ఒరిజినల్ సౌండ్' లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేసి, మైక్ వాల్యూమ్‌ని తనంతట తానే సర్దుకునే ఆప్షన్ ఆఫ్ చేయండి. కాల్‌లో ఉన్నంతసేపూ కళ్లముందు ఉండాల్సిన బటన్‌ని మూడు మెనూల లోపల దాచడం, అప్‌డేట్ వచ్చాక అది మళ్లీ మొదటికి రావడం నాకు అస్సలు నచ్చని విషయం.

మైక్ వద్దనుకుని టర్న్‌టేబుల్ వైరుని నేరుగా సౌండ్ ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి తగిలించేవాళ్లకి ఒక మాట. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. పైగా రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, దాన్ని తిరిగి సరిచేసేది ఫోనో ప్రీయాంప్. అది మధ్యలో లేకపోతే ఎంత మంచి రికార్డైనా రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది.

ప్రశ్న: ఫోన్‌ని ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద పెట్టి యాప్‌తో స్పీడ్ చూస్తే నిమిషానికి సరిగ్గా 33.3 చుట్లు చూపిస్తోంది. అయినా మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత కాపీ మొదటి వైపు, స్ట్రీమింగ్‌లో వినేదానికన్నా శ్రుతి కొంచెం పైకి ఉంది. రెండో వైపు మాత్రం సరిపోతోంది. మోటార్ పోయిందా?

మీ చెవులకు దండం పెట్టాలి. మోటార్ బాగానే ఉంది, రికార్డే అలా వచ్చింది. 1959 మార్చి 2న ఆ సెషన్ రికార్డు చేసినప్పుడు అసలు టేప్ మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో ప్లే చేసి రికార్డులు కొట్టేసరికి శ్రుతి పెరిగింది. మొదటి వైపున్న మూడూ ఆ రోజువే. రెండో వైపువి ఏప్రిల్ 22న చేసినవి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది లేదు. 1992లో మళ్లీ విడుదల చేసినప్పుడు, ఆ సెషన్‌లోనే సరైన వేగంతో తిరిగిన రెండో మెషిన్ టేప్ వాడి సరిచేశారు. మీ టర్న్‌టేబుల్‌కి పిచ్ కంట్రోల్ ఉంటే మొదటి వైపుకి కొద్దిగా తగ్గించుకోండి, రికార్డు తిప్పేటప్పుడు మళ్లీ సున్నాకి తెచ్చుకోవడం మరవకండి.

ప్రశ్న: బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత రికార్డు ఒకటి దొరికింది. డెడ్ వాక్స్ (లేబుల్ చుట్టూ పాట లేని పట్టీ) ఫొటో పెట్టమని వాట్సాప్ గ్రూపులో అడిగారు. మామూలుగా పంపితే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, డాక్యుమెంట్‌గా పంపమంటున్నారు. పంపొచ్చా?

ఆగండి. నాకు కూడా మీరు ఆ ఫొటోని డాక్యుమెంట్‌గానే పంపారు, తెరిచి చూశాను. ల్యాంపు వెలుతురు ఏటవాలుగా పడుతోంది. సంగీతం ఉన్న గాడులు ముగిసి లేబుల్ మొదలయ్యే మధ్యలో ఉన్న ఆ నున్నటి నల్ల పట్టీలో చేత్తో గీసిన 'ఆర్‌వీజీ' అనే మూడు అక్షరాలు, కాస్త పక్కన చెవి ఆకారంలో ఉండే, రికార్డులు అచ్చువేసిన ప్లాస్టీలైట్ ప్లాంటు గుర్తు, రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ (ఆర్‌వీజీ) న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలోనే ఎన్నో రికార్డింగులు చేసి, 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియోకి మారాడు. ఆ అక్షరాలు ఉన్నాయంటే మాస్టర్ చెక్కింది ఆయనేనని అర్థం. గ్రూపులో వాళ్లు ఎందుకు అంతగా అడుగుతున్నారో నాకు తెలుసు.

ఆ తర్వాత ఫైల్ వివరాలు తెరిచాను. తీసిన తేదీ, సెకన్లతో సహా సమయం, ఫోన్ మోడల్, దశాంశం తర్వాత ఆరు అంకెల వరకూ అక్షాంశ రేఖాంశాలు. మ్యాప్‌లో పెడితే మీ ఇల్లు ఎక్కడుందో వస్తుంది. నేను వెంటనే ఫైల్ తొలగించాను. గ్రూపులో ఉన్న వందల మందిలో అందరూ అలా చేస్తారని మీరు అనుకుంటున్నారా?

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. అంటే ఏ ఫొటోలో అరుదైన రికార్డు అని రుజువు ఉందో సరిగ్గా అదే ఫొటోతో మీ ఇంటి జాడ కూడా వెళ్తోంది. ఇది దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. దీనికి తోడు "రెండు వారాలు ఊళ్లో ఉండను, రికార్డులు మిస్సవుతాను" అని అదే గ్రూపులో రాస్తారు. "ఇవాళే వచ్చింది" అని అట్టపెట్టె ఫొటో పెడతారు, దాని మీద పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అలాగే ఉంటాయి. కలెక్షన్ మొత్తం జాబితాగా పెట్టే సైట్లలో ఆ జాబితా ఎవరికి కనిపిస్తుందో సెట్టింగుల్లో ఒక్కసారి కూడా చూసుకోరు. వీటిలో ఏ ఒక్కటీ పెద్దగా అనిపించదు, అన్నీ కలిపి చూసేవాడికి మాత్రం పని సులువు.

చేయాల్సింది చిన్న పని. ఫొటోని డెడ్ వాక్స్ దగ్గరికి జూమ్ చేసి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని పంపండి. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి, లొకేషన్ ఉండదు. కేవలం క్రాప్ చేస్తే సరిపోదు, చాలా ఫోన్లలో క్రాప్ చేసినా ఆ వివరాలు ఫైల్‌లోనే ఉంటాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్‌ని పూర్తిగా ఆపేస్తే ఇంకా మంచిది. ఇప్పటికే పంపేసినవి ఉంటే ఇవాళే వెనక్కి వెళ్లి డిలీట్ చేయండి.

లొకేషన్ మాట వచ్చింది కాబట్టి, యాప్‌తో నడిచే టర్న్‌టేబుళ్ల గురించి కూడా చెప్పాలి. బ్లూటూత్‌తో కలపడానికి లొకేషన్ అనుమతి అడుగుతోందని చాలామంది రాస్తున్నారు. ఆండ్రాయిడ్ 11 వరకూ చుట్టూ ఉన్న బ్లూటూత్ పరికరాల్ని వెతకడానికి ఆ అనుమతి కావాల్సి వచ్చేది, అది సిస్టమ్ పెట్టిన నియమం. ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అని వేరే అనుమతి ఉంది. కొత్త ఫోన్‌లో కూడా లొకేషన్, కాంటాక్టులు అడిగే యాప్ అంటే తయారుచేసినవాళ్లకి బద్ధకమైనా అయ్యుండాలి, మీ వివరాల మీద ఆశైనా ఉండాలి. ఇవ్వనని నొక్కండి. మోటారు, బేరింగు, టోన్‌ఆర్మ్, ముల్లు, వీటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. 1948లో కొలంబియా ఎల్పీని తెచ్చినప్పటి నుంచి అవి ఏ అకౌంటూ లేకుండానే తిరుగుతున్నాయి. లాగిన్ అవకపోతే ప్లాటర్ తిరగని యంత్రాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను, ఎంత అందంగా ఉన్నా సరే.

ప్రశ్న: కోల్‌ట్రేన్ రికార్డు తిరుగుతున్న వీడియో పెడితే సౌండ్ మ్యూట్ చేశారు. ఫోన్ సెట్టింగ్ ఏదైనా మార్చాలా?

ఫోన్‌కి దీనితో సంబంధం లేదు. అప్‌లోడ్ చేసిన ఆడియోని హక్కులున్న రికార్డింగులతో పోల్చి చూసే వ్యవస్థ పట్టేసింది, ముల్లు చిటపటలున్నా అది గుర్తుపడుతుంది. స్పీడ్ మార్చి మోసగించే చిట్కాలు పంపమని అడక్కండి, నేను చెప్పను. రికార్డు సౌండ్ లేకుండా వీడియో పెట్టి, ఏ వైపు, ఎన్నో ట్రాకు, ఎక్కడ మీకు ఒళ్లు జలదరించిందో మీ గొంతుతో చెప్పండి.