కువైట్టా, జర్మనీయా అనే ముందు ఆ రసీదు సంగతి చూడండి

ప్రశ్న: మేము పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయికి 24 ఏళ్లు, ఇక్కడే బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తోంది. జీతం 19 వేలు. చదువు కోసం తీసిన అప్పు ఇంకా 4 లక్షలుంది. కువైట్‌లో ఆస్పత్రి ఉద్యోగం ఉందని, ముందు విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ మార్పించేస్తామని ఒక ఏజెంటు చెప్పాడు. పదో తరగతి పాసయింది కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదన్నాడు. తెలిసినవాళ్లు చెప్పారని 60 వేలు అడ్వాన్సు ఇచ్చాం, రసీదు ఫొటో పంపుతున్నాను. పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉంది. ఇప్పుడు అమ్మాయేమో జర్మనీ అంటోంది. సంబంధాలు కూడా చూస్తున్నాం. రెండింట్లో ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, చెన్నై

జవాబు: అయ్యా, ఏ దేశం మంచిదని అడిగారు కానీ, మీ భయం దేశం గురించి కాదు. డబ్బు కట్టేశాం, రేపు అమ్మాయి అక్కడ ఇరుక్కుంటే మనకు దిక్కెవరు అన్నదే మీ భయం. చెన్నైలోని మన తెలుగు కుటుంబాల నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. కాబట్టి ముందు ఆ దిక్కు సంగతే మాట్లాడదాం.

ఏజెంటు మీకు సగం నిజం చెప్పాడు. పదో తరగతి పాసైనవాళ్లకు ఈసీఎన్ఆర్, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది, మామూలుగా అయితే వాళ్లకు ఆ అనుమతి తీసుకునే పని లేదు. కానీ నర్సుల విషయం వేరు. కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్, యూఏఈ లాంటి ఈసీఆర్ జాబితా (క్లియరెన్స్ అవసరమైన) దేశాలకు ఉద్యోగానికి వెళ్లే నర్సులు, ఎంత చదివినా, ఏ పాస్‌పోర్టు ఉన్నా, క్లియరెన్స్ తీసుకోవాల్సిందేనని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది. ఈ వ్యాపారంలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. విజిట్ వీసా దారి చూపిస్తున్నది క్లియరెన్స్ తప్పించుకోవడానికే.

ఆ నిబంధన ఎందుకు వచ్చిందో కూడా తెలుసుకోండి. కువైట్ ఆరోగ్య శాఖకు నర్సులను తీసుకునే పేరుతో కొచ్చిలో ఒక ఏజెన్సీ, 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట మనిషికి 19.5 లక్షలు వసూలు చేసిందని 2015లో సీబీఐ కేసు పెట్టింది. ఎవరైతే అడ్డుకోవాలో ఆ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే) అధికారే అందులో నిందితుడయ్యాడు. అమ్మల నగలు, ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు అది. ఆ తర్వాతే నర్సుల నియామకాలను ప్రభుత్వ సంస్థల చేతుల్లోకి తెచ్చారు. కేరళకు నోర్కా రూట్స్, ఒడెపెక్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. మీరున్న చెన్నైలోనే తమిళనాడు ప్రభుత్వానికి చెందిన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ 1978 నుంచి నడుస్తోంది. అమ్మాయి చదివిందీ పనిచేస్తున్నదీ ఇక్కడే కదా, ముందుగా అడగాల్సింది వాళ్లనే.

క్లియరెన్స్ అంటే మనవాళ్లు ఎయిర్‌పోర్టులో వేసే ముద్ర అనుకుంటారు. అసలు పని దాని వెనక ఉంది. విదేశాంగ శాఖ కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయాలున్నాయి, చెన్నైలోనూ ఒకటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం వాటికి ఆధారం. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో యజమాని ఎవరో, జీతం ఎంతో, ఒప్పందం ఎన్నేళ్లో నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. రేపు అక్కడ జీతం ఆపేసినా, అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) చేయించకపోయినా, మన ఎంబసీకి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్లిన పిల్ల రికార్డుల్లో ఉద్యోగి కాదు, చుట్టపుచూపుగా వెళ్లిన మనిషి. ఆ ఒప్పందమూ ఉండదు, ఆ బీమా కూడా ఉండదు.

ఇక మీ మీద నాకు కోపం వచ్చిన చోటు. మీరు పంపిన రసీదు ఫొటో పెద్దది చేసి చూశాను. పైన ‘ట్రావెల్స్’ అని ఉంది. 60,000 పక్కన ‘ప్రాసెసింగ్’ అన్న ఒక్క మాట రాసి ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు లేదు, జీఎస్టీ లేదు, ఆస్పత్రి పేరు లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు మొత్తం సర్వీసు చార్జీగా తీసుకోదగ్గది 30,000, దాని మీద జీఎస్టీ. మీరు అడ్వాన్సు కిందే దానికి రెండింతలు ఇచ్చారు. కూరగాయల దగ్గర రెండు రూపాయలకు బేరమాడతాం, పిల్లను దేశం దాటించే మనిషిని మాత్రం ‘లైసెన్సు చూపించు’ అని అడగడానికి మొహమాటపడతాం! ‘తెలిసినవాళ్లు చెప్పారు’ అని రాశారు. ఆ తెలిసినవాళ్లకు ఇందులో ఎంత ముట్టిందో మీకు తెలుసా? లైసెన్సు ఉన్న సంస్థ అయినా ఇలాంటి సబ్-ఏజెంట్లతో వ్యాపారం నడపకూడదు. ఇంకో మాట, ఆ 60 వేలు కట్టే ముందు ఇంట్లో సంపాదిస్తున్న 24 ఏళ్ల పిల్లను ఒక్కసారైనా అడిగారా? ఉత్తరం అంతా వెతికాను, ఎక్కడా కనిపించలేదు.

అమ్మాయి అంటున్న జర్మనీ గురించి కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు చెన్నైలో ఏ నర్సింగ్ హాస్టల్‌కి వెళ్లినా ఇదే మాట. అక్కడ నర్సుల కొరత నిజం, చట్టం రక్షణ నిజం, కొన్నేళ్లకు స్థిరపడే అవకాశం కూడా నిజం. కానీ ‘ఆరు నెలల్లో జర్మనీ’ అన్న బోర్డులు చూస్తే నాకు ఆందోళనగా ఉంటుంది. జర్మన్ భాష మొదటి మెట్టు నుంచి బీ2 అనే పై స్థాయి దాకా రావాలంటే డ్యూటీ చేసుకుంటూ చదివే పిల్లకు ఏడాది పైనే పడుతుంది. బీ1, బీ2 సర్టిఫికెట్లు రాగానే అయిపోదు. మన డిగ్రీని అక్కడి రాష్ట్రం గుర్తించాలి. తేడాలున్నాయంటే అక్కడ కొన్ని నెలలు అదనపు శిక్షణ తీసుకోవాలి, లేదా పరీక్ష రాయాలి. అది పూర్తయ్యేదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. ఆ తర్వాత వచ్చే పూర్తి జీతంలోనూ పన్నులు, సామాజిక బీమా కలిపి దాదాపు మూడో వంతు పోతుంది.

పని కూడా వేరు. ఇక్కడ ఐసీయూలో మందులు, ఇంజెక్షన్లు చూసుకునే పిల్ల, అక్కడ వృద్ధులకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం కూడా నర్సు పనే అని వెళ్లాక తెలుసుకుని కుంగిపోతుంది. అది తక్కువ పని కాదు, కానీ ముందే తెలిసి వెళ్లాలి. దీనికి తోడు కొన్ని సంస్థలు బీఎస్సీ చేసినవాళ్లను కూడా ‘ఆస్‌బిల్డుంగ్’లో చేర్చేస్తున్నాయి. అది ఇంటర్ అయినవాళ్లకు సరిపోయే మూడేళ్ల శిక్షణ. చేతిలో డిగ్రీ, రెండేళ్ల అనుభవం ఉన్న మీ అమ్మాయి మళ్లీ మొదటి బెంచీలో కూర్చోవాల్సిన పని లేదు. తన దారి డిగ్రీ గుర్తింపు దారి. ‘మధ్యలో మానేస్తే ఇన్ని లక్షలు కట్టాలి’ అనే బాండు మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టనివ్వకండి.

ఇంకొకటి, జర్మనీ ఈసీఆర్ జాబితాలో లేదు, అంటే అక్కడికి క్లియరెన్స్ ఉండదు, ఒప్పందాన్ని ఆపి చూసే ప్రభుత్వ కన్ను కూడా ఉండదు. అయితే ఏ దేశానికైనా ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. భాషా కోచింగ్ బోర్డు పెట్టుకుని నియామకాలు చేసే సంస్థలనూ అదే ప్రశ్న అడగండి.

మీరు అడిగిన పోలికకు వస్తే, అప్పు త్వరగా తీరాలంటే ప్రభుత్వ సంస్థ ద్వారా గల్ఫ్ మంచిది, అక్కడే జీవితం కట్టుకోవాలంటే జర్మనీ మంచిది. ఏది కావాలో అమ్మాయి చెప్పాలి, నేనూ మీరూ కాదు.

అయ్యా, 4 లక్షల అప్పు చూసి నిద్ర మానుకోకండి. బీఎస్సీ, రెండేళ్ల ఆస్పత్రి అనుభవం, 24 ఏళ్ల వయసు, విదేశాల్లో అడిగేవి ఇవే. ఏడాది ఆలస్యమైతే వీటిలో ఏదీ తగ్గదు, అనుభవం ఇంకా పెరుగుతుంది. సంబంధాల తొందరలో విజిట్ వీసా ఎక్కించకండి. రెండేళ్లు బయట పనిచేసిందని మంచి సంబంధం తప్పిపోదు. తప్పిపోతే ఆ సంబంధం మనకు వద్దు.

ఈ వారంలోనే ఆ ట్రావెల్స్‌కి వెళ్లండి, అమ్మాయినీ తీసుకెళ్లండి. డబ్బు మాట తర్వాత, ముందు పాస్‌పోర్టు చేతికి తీసుకోండి. ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఎవరైనా చూడొచ్చు, అతని పేరు అందులో ఉందేమో చూడండి. లేకపోతే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన బ్యాంకు ఎంట్రీ కలిపి చెన్నై ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ పోలీసులకూ ఇవ్వండి. 60 వేలు వెనక్కి రావడానికి టైం పట్టొచ్చు, కానీ ఆ డబ్బు వదులుకోలేక మిగతా లక్షలు మాత్రం కట్టకండి.