అన్నయ్య తెస్తానన్న ఐఫోన్ సంగతి

చిరంజీవి పద్మజకు,

మామయ్య ఆశీస్సులు. జూన్ నెలాఖరుకు డల్లాస్ నుంచి వస్తూ మీ అన్నయ్య నీకు ఐఫోన్ తెస్తానన్నాడటగా. ఆండ్రాయిడ్ వదిలేసి దానికి మారాలా వద్దా అని అక్క చేత అడిగించావు. ఫోన్ల షాపులో కూర్చుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారినవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్నాను. కొత్త ఫోన్ బాగాలేదని వెనక్కి వచ్చినవాళ్లు తక్కువ. పాత ఫోన్లో ఉన్నవి కొత్తదాంట్లోకి రాలేదని కళ్లనీళ్లు పెట్టుకుంటూ వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకని ఏ ఫోన్ గొప్పదన్న మాట పక్కన పెట్టి, ముందు నీ పని దేని మీద నడుస్తోందో చూద్దాం.

నీ బొటిక్ మొత్తం వాట్సాప్‌లోనే ఉంది. ఎవరి బ్లౌజుకు ఏ మగ్గం వర్క్, ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, మెడ వెనక లోతు ఎవరు తగ్గించమన్నారు, అన్నీ ఆ చాట్లలోనే, వాయిస్ మెసేజుల్లోనే ఉన్నాయి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా, ఐఫోన్‌లో వాట్సాప్ వేసుకోగానే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు చాలామంది. రావు. గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌ను ఐఫోన్‌లోని వాట్సాప్ తీసుకోదు. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లోని బ్యాకప్‌ను ఆండ్రాయిడ్‌లోని వాట్సాప్ తీసుకోదు.

దారి ఉంది, అయితే దానికో పద్ధతుంది. పాత ఫోన్లో ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్ వేసుకోవాలి. ఐఫోన్ డబ్బాలోంచి తీసిన స్థితిలోనే, ఇంకా సెటప్ పూర్తి కాకుండా ఉండాలి. ఐఫోన్ తెర మీద ఒక కోడ్ వస్తుంది, దాన్ని పాత ఫోన్లో కొట్టాలి. తరలించాల్సినవాటిలో వాట్సాప్‌ను కూడా ఎంచుకోవాలి. రెండు ఫోన్లూ చార్జింగ్‌లో, ఒకే వైఫైలో ఉండాలి. అది నడుస్తున్నంతసేపూ పాత ఫోన్ ముట్టుకోవద్దు, మధ్యలో కాల్ వచ్చినా సరే. తరవాత ఐఫోన్‌లో వాట్సాప్ వేసుకుని అదే నంబరుతో తెరిస్తే చాట్లు వస్తాయి. కాల్ హిస్టరీ మాత్రం రాదు. జనం ఏం చేస్తారంటే, కొత్త ఫోన్ మోజులో సెటప్ చేసేసి, నాలుగు రోజులు ఫొటోలు తీసుకుని, అప్పుడొచ్చి ‘నా చాట్లు ఏవి’ అంటారు. అప్పుడిక ఐఫోన్ మొత్తం చెరిపేసి మొదటి నుంచి చెయ్యాలి.

ఇదంతా జరగాలంటే పాత ఫోన్ నీ చేతిలో ఉండాలి. ఆన్‌లైన్‌లో ఎక్స్‌ఛేంజ్ పెడితే, కొత్తది ఇచ్చిన కుర్రాడే గుమ్మంలో నిలబడి పాతది పట్టుకుపోతాడు. ఆ నాలుగు వేలో ఐదు వేలో పోనీ. కనీసం నెల రోజులు పాత ఫోన్ బీరువాలో పెట్టుకో. చాట్లు కొత్తదాంట్లోకి వెళ్లినా, మనం చెరిపేదాకా పాతదాంట్లో కూడా ఉంటాయి. అందులో ఉన్న మెమరీ కార్డు గుర్తుందా, డిజైన్లన్నీ దాచిందీ? ఐఫోన్‌కు మెమరీ కార్డు స్లాటే ఉండదు. ముందు వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించు. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, గూగుల్ అయితే 15 ఇస్తుంది. గూగుల్ ఫొటోస్ ఐఫోన్‌లో కూడా పని చేస్తుంది కాబట్టి దాన్ని వదులుకోకు.

ఇక అమెరికా ఫోన్ సంగతి. నాకు దాని మీదే బెంగ. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర నుంచి అక్కడ అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రే తీసేశారు, అంతా ఈసిమ్మే, అంటే చేతికి వచ్చే ముక్క ఉండదు, ఫోన్ లోపలే నమోదయ్యే సిమ్. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ ఇస్తాయి, పని చేస్తుంది. కానీ సిమ్ మార్చిన తరవాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. యూపీఐ యాప్ కొత్త ఫోన్లో మొదలవ్వాలంటే ఆ సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి, బ్యాంకు ఓటీపీ దానికే రావాలి. ఆ ఒక్క రోజు గుడ్డల షాపుకు డబ్బు పంపలేవు. అది ఎలాగో గడుస్తుంది. రేపు ఫోన్ కిందపడి తెర పోతే, సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకునే వీలుండదు, అదీ అసలు చిక్కు. పైగా అక్కడ సిమ్ కంపెనీల దగ్గర వాయిదాల మీద కొన్నవి చాలావరకు ఆ కంపెనీకే లాక్ అయి ఉంటాయి, మన సిమ్ పనిచెయ్యదు. ఇక్కడ అమ్మే ఐఫోన్లకు, ఐఫోన్ ఎయిర్‌కు తప్ప, మామూలు సిమ్ ట్రే ఉంది. పాత సిమ్ తీసి ఇందులో పెట్టుకోవడమే.

షాపులో పెట్టిన క్యూఆర్ గురించి టెన్షన్ పడకు. దాని డబ్బు నీ ఖాతాకే వస్తుంది, ఫోన్‌తో దానికి పని లేదు. కొత్త ఫోన్లో యూపీఐ పెట్టుకున్న మొదట్లో మాత్రం పెద్ద మొత్తాలు పంపనివ్వదు.

తెలుగులో రాసుకోవడం గురించి అక్క అడిగింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరం ఒక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు మూసుకుపోయేవి. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఇప్పుడు ఇబ్బంది లేదు, కీబోర్డు ఒక్కటి నీ వేళ్లకు కుదురుతుందో లేదో కొనేముందు కొట్టి చూసుకో.

నువ్వు మారాలనుకునేది ఫొటోల కోసమైతే, ఒక పని చెయ్యి. రాణీ రంగు ముక్క, మెజెంటా ముక్క, జరీ అంచున్న ముక్క పట్టుకెళ్లు. షాపులో ఒకే లైటు కింద ఐఫోన్‌తోనూ, అదే ధరలో వచ్చే ఆండ్రాయిడ్‌తోనూ తీసి, ఫొటోను గుడ్డ పక్కన పెట్టి చూడు. ‘ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు’ అని నీతో పేచీ పెట్టుకునేది ఆ రంగుల దగ్గరే. రీల్స్ చెయ్యాలన్నావు కాబట్టి చెబుతున్నా, వీడియోకు మాత్రం నా ఓటు ఐఫోన్‌కే. ఎక్కువ కాలం అప్‌డేట్లు వస్తాయని మాత్రం మారనక్కర్లేదు. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఆ కంపెనీలు కూడా ఏడేళ్లు ఇస్తామన్నాయి.

నన్నడిగితే మారు. ఫోన్ ఇక్కడే కొనుక్కో, ఆ డబ్బు అన్నయ్యనే ఇమ్మను, వాడికీ తృప్తిగా ఉంటుంది. మారేది ఆషాఢంలో పెట్టుకో, ముహూర్తాలు ఉండవు, నీకు ఆర్డర్లు తక్కువ. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం బ్లౌజులతో ఊపిరాడదు, అప్పుడు ఫోన్ జోలికి పోకు. ఆషాఢం కుదరకపోతే దీపావళి దాటనీ.

అన్నయ్యకు ఇవాళే మెసేజ్ పెట్టు. ఇప్పటికే కొనేసి ఉంటే, అన్‌లాక్డ్ అవునో కాదో బిల్లు చూసి చెప్పమను, డబ్బా సీలు తియ్యొద్దను, వాపసు గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కోమను. కొనకపోతే మరీ మంచిది. వచ్చే రోజు రెండు చార్జర్లు, పాత ఫోన్, జీమెయిల్ పాస్‌వర్డ్ తెచ్చుకో, పొద్దున్నే రా. షాపు వెనక గదిలో వైఫై ఉంది, అత్తయ్య భోజనం పెడుతుంది.

మీ మామయ్య