శుక్లం ఆపరేషన్‌లోనే నీటికాసులకు లేజర్: మా నాన్నగారి చుక్కల సీసా

మీ అమ్మగారికి శుక్లమూ నీటికాసులూ రెండూ ఉన్నాయి, ఒకేసారి లేజర్‌తో కానిచ్చేద్దామంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. నన్నడిగితే ఒప్పుకోండి. కాకపోతే ముందు ఆవిడ చుక్కల మందు ఎలా వేసుకుంటున్నారో పక్కన కూర్చుని చూడండి. నా దృష్టిలో అసలు విషయమంతా అక్కడే ఉంది.

మా నాన్న తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి నీటికాసులకని డాక్టరుగారు రెండు రకాల చుక్కలు రాశారు, ఒకటి రెండు పూటలా, ఇంకోటి రాత్రి పడుకోబోయే ముందు. చెకప్‌కి వెళ్తే కంటి ప్రెషర్ 26. మామూలుగా 21 దాటకూడదు.

"మాస్టారూ, చుక్కలు వేసుకుంటున్నారా?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్క పూట తప్పలేదండీ."

వెనకాల కూర్చున్న అమ్మ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "సంక్రాంతికి కొన్నదండీ ఇది. శివరాత్రి వెళ్లిపోయింది, ఇంకా సగముంది." నెలకల్లా అయిపోవాల్సిన సీసా. అవకపోయినా తెరిచిన నెలకి పారేయాల్సిన సీసా.

డాక్టరుగారు నవ్వలేదు. "ఏదీ, నా ముందు వేసుకోండి" అన్నారు. నాన్న తల వెనక్కి వాల్చి, నోరు కూడా తెరిచి, సీసా నొక్కారు. మొదటి చుక్క కనుబొమ్మ మీద, రెండోది చెంప మీద. "పడింది" అన్నారు నాన్న. వేసుకున్న పూట కూడా కంట్లోకి వెళ్లింది ఇంతే అన్నమాట.

ఒకేసారి చేద్దామని డాక్టరుగారు అన్నది అప్పుడే. శుక్లం తీయడానికి పెట్టే చిన్న కోతలోంచే కెమెరా ఉన్న సన్నటి లేజర్ గొట్టం పంపి, కంట్లో నీరు ఊరే చోట కాస్త కాలుస్తారు. నీరు ఊరడం తగ్గితే ప్రెషర్ దిగుతుంది. ఈసీపీ అంటారు. ఇప్పుడు నాన్న ప్రెషర్ 15 దగ్గర ఉంటోంది, రాత్రి చుక్క ఒక్కటే మిగిలింది, అదీ అమ్మే వేస్తుంది. చుక్కలు పూర్తిగా మానేయొచ్చని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి. నీటికాసులు తినేసిన చూపు ఏ లేజర్‌తోనూ తిరిగి రాదు. జబ్బు బాగా ముదిరిన కంటికి ఇది చాలదు, పెద్ద ఆపరేషనే చేస్తారు.

"లేజర్" అనగానే తలూపకండి, ఏ లేజరో అడగండి. శుక్లాన్ని కోయడానికి వాడే లేజర్ వేరు, దానికీ నీటికాసులకీ సంబంధం లేదు. నీటికాసులకే ఎస్ఎల్‌టీ అని ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చేసే లేజర్ వేరు. 2019లో లండన్ వాళ్లు చేసిన లైట్ అనే పరిశోధనలో ఎస్ఎల్‌టీతో మొదలుపెట్టిన వాళ్లలో నూటికి 74 మంది మూడేళ్ల దాకా చుక్కల అవసరం లేకుండా గడిపారు. అయినా మనవాళ్లు అందరికీ ముందు చుక్కలే ఎందుకు రాస్తారో నాకర్థం కాదు.

లెన్సుల బేరం ఇంకో గోల. కౌన్సెలర్ అమ్మాయి లామినేషన్ చేసిన రేట్ల కార్డు పట్టుకొచ్చి, దూరమూ దగ్గరా రెండూ కనపడే మల్టీఫోకల్ వేయించుకోమని ఒకటే పట్టు. ఫైలు మీద నీటికాసులని రాసే ఉంది! అసలే మసకగా చూసే కంటికి ఆ లెన్సు ఇంకాస్త మసక తెస్తుంది, వద్దని డాక్టరే కొట్టేశారు. మామూలు మోనోఫోకల్ వేయించి, చదవడానికి కళ్లజోడు పెట్టుకోమనండి. డబ్బూ మిగులుతుంది.

ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలిస్తారు. ఈసీపీ కలిపితే వాపు కాస్త ఎక్కువే. చెప్పిన గడువు దాటాక ఆ సీసా పారేయండి. మా వీధిలో ఎవరికి కన్ను ఎర్రబడినా మా ఇంటికొచ్చి ఆ సీసా అడిగేవాళ్లు. స్టెరాయిడ్‌తో కంటి ప్రెషర్ పెరగొచ్చు, నీటికాసులు లేనివాళ్లకి కూడా రావచ్చు. నీటికాసులు రక్తసంబంధీకులకీ వచ్చే అవకాశముంది కాబట్టి, మీరూ మీ తోబుట్టువులూ నలభై దాటితే, అమ్మగారి చెకప్ రోజునే మీ ప్రెషర్ కూడా చూపించుకోండి.