టెస్టులన్నీ పాస్, ఇంటి నంబరు మాత్రం ఫెయిల్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే టెన్షన్. ఏఐ వచ్చాక టీమ్‌లో నా పని ఏది, పక్కవాళ్ల పని ఏది అని. నాలుగు ఎంచుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్ర: తొమ్మిదేళ్లుగా మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నాను. నలుగురు టెస్టర్లం ఉండేవాళ్లం, ఇప్పుడు ఇద్దరం. డెవలపర్లు టెస్ట్ కేసులు కూడా ఏఐతోనే రాయించేసుకుంటున్నారు. ఆటోమేషన్ నేర్చుకోమని ఒకరంటారు, అదీ దండగే అని ఇంకొకరంటారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, మియాపూర్

జ: నా కళ్లముందు జరిగింది చెప్తాను. నేను ప్రొడక్ట్ మేనేజర్‌గా, అంటే ఎవరి కోసం ఏది తయారుచేయాలో తేల్చే పనిలో ఉన్న ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) ఇంటికి సరుకులు పంపే యాప్‌కి కొత్త అడ్రస్ ఫారం చేశాం. కోడ్ ఏఐ రాసింది, డెవలపర్ ఒకసారి చూసుకున్నాడు. టెస్టులూ ఏఐనే రాసింది, నూటికి పైగా, ఎంత నీట్‌గా అంటే మనిషికైతే అంత ఓపిక ఉండదు. అన్నీ పాస్, స్క్రీనంతా పచ్చగా. మా టెస్టర్ ఒకావిడ ఓ చేత్తో టీ కప్పు పట్టుకుని, వాళ్ల అమ్మగారి అడ్రస్ కొట్టింది. 8, గీత, 3, గీత, ఆపైన ఒక స్లాష్, ఒక ఏ, మళ్లీ స్లాష్. 'సరైన ఇంటి నంబరు ఇవ్వండి' అని ఎర్రగా వచ్చింది. హైదరాబాద్ పాత కాలనీల్లో అంతకన్నా సరైన ఇంటి నంబరు ఎక్కడుంటుందండీ! తర్వాత ఇంటిపేరు దగ్గర 'కె' అని పెడితే, కనీసం రెండు అక్షరాలు ఉండాలంది. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి ఇంటిపేరుని ఒక్క అక్షరంగానే లాక్కొస్తున్నవాళ్లం మనలో ఎంతమందిమి లేం?

ఇంటి నంబరంటే అంకెలే అని కోడ్ అనుకుంది. అంకెలు కానివి ఇస్తే ఆపుతోందా లేదా అని టెస్టు చూసింది, ఆపింది, పాస్. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. ఇక్కడ లోపం టెస్టుల సంఖ్యలో లేదు, వెయ్యి రాయించినా దొరికేది కాదు.

ఆటోమేషన్ దండగ కాదు. టెస్టుల్ని వాటంతటవే నడిపే సెలీనియమో ప్లేరైటో నేర్చుకుని, ఏఐ రాసిన స్క్రిప్టు చదివి 'ఇది అసలు దేన్నీ చెక్ చేయట్లేదు, ఊరికే పేజీ తెరిచి మూస్తోంది' అని చెప్పగలిగేంత రావాలి. కానీ మీ చోటు అంతకన్నా ముందుంది. స్టోరీ (ఏం తయారుచేయాలో చెప్పే చిన్న వివరణ) రాస్తున్నప్పుడే వెళ్లి కూర్చుని 'ఓటీపీ రాకపోతే ఏం చేస్తాం, డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే ఏం చూపిస్తాం' అని అడగండి. మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకొకటి, మీ ప్రొడక్ట్‌లోనే చాట్‌బాట్ లాంటిది ఉంటే అసలు పని అక్కడుంది. 2022లో అమ్మమ్మ పోయి టికెట్ కొనుక్కుంటున్న ఒకాయనకి, అయినవాళ్లు పోయినప్పుడిచ్చే టికెట్ తగ్గింపు, ప్రయాణం అయ్యాక అప్లై చేసుకున్నా వస్తుందని ఎయిర్ కెనడా విమాన సంస్థ చాట్‌బాట్ చెప్పింది. ఆ సంస్థ రూల్ అది కాదు. చాట్‌బాట్ మాటలకి చాట్‌బాట్‌దే బాధ్యత అన్నట్టు వాదించారు కూడా! కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదన ఒప్పుకోలేదు, ఆయనకి డబ్బు కట్టమంది. అలాంటి మాట కస్టమర్ దాకా వెళ్లకుండా పట్టుకోవడాన్ని ఇప్పుడు ఇవాల్స్ అంటున్నారు. కస్టమర్లు నిజంగా అడిగిన ప్రశ్నలు ఓ రెండొందలు పోగుచేసి, దేనికి ఏ జవాబు ఒప్పో, ఏది చెప్పకూడదో రాసిపెట్టుకుని, రిలీజ్‌కి ముందు ప్రతిసారీ అడిగి చూడటం. తొమ్మిదేళ్లు కస్టమర్ల ఫిర్యాదులు చదివిన మనిషికి ఇది కొత్త విద్యేమీ కాదు. పోయిన ఇద్దరి సీట్లు తిరిగొస్తాయని మాత్రం చెప్పలేను, రావు.

ప్ర: నేను ప్రొడక్ట్ మేనేజర్‌ని. డాక్యుమెంట్లు చాలు, ప్రోటోటైప్ పట్టుకురమ్మని మా బాస్. శని, ఆదివారాలు కూర్చుని ఏఐతో ఒకటి చేశాను, బాగా వచ్చింది. డెవలపర్లు మొహం మాడ్చుకున్నారు. పైగా సేల్స్ వాళ్లు దాన్ని క్లయింట్‌కి చూపించేశారు, వాళ్లు 'లైవ్ ఎప్పుడు' అంటున్నారు!
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జ: పెళ్లిపందిరి చూసి గృహప్రవేశం ఎప్పుడని అడిగారన్నమాట. తప్పు సేల్స్ వాళ్లదే కాదు, మీదీ ఉంది. అది పందిరని స్క్రీన్ మీద ఎక్కడా రాయలేదుగా? ఈసారి ప్రతి పేజీ మీదా పెద్ద అక్షరాలతో 'నమూనా' అని పెట్టండి, డేటా కూడా చూడగానే ఉత్తుత్తిదని తెలిసేలా పెట్టండి.

ప్రోటోటైప్ చేయడం మాత్రం మానొద్దు. ఓపెన్‌ఏఐ వ్యవస్థాపకుల్లో ఒకడైన ఆండ్రే కార్పతి 2025 ఫిబ్రవరిలో 'వైబ్ కోడింగ్' (కోడ్ చూడకుండా ఏఐకి చెప్పి చేయించేసుకోవడం) అన్న మాట వేసినప్పుడు, వారాంతంలో చేసి పారేసే ప్రాజెక్టులకి పర్వాలేదన్నాడు. జనం మొదటి ముక్క పట్టుకుని పారేసే సంగతి మర్చిపోయారు. మీరు చేసింది చూపించండి, మాట్లాడుకోండి, పారేయండి. అదే కోడ్‌ని 'కొంచెం క్లీన్ చేసి ఇచ్చేయండి' అని డెవలపర్లకి ఇచ్చారా, మొహాలు మాడటం న్యాయమే. అందులో లాగిన్ లేదు, ఎవరికి ఏది కనపడాలో లేదు, నెట్ పోతే ఏమవుతుందో లేదు. వాళ్ల పనంతా అక్కడే ఉంది.

కస్టమర్ల అసలు డేటా జోలికి, లైవ్ డేటాబేస్ జోలికి మీ ప్రోటోటైప్‌ని పోనివ్వకండి. 2025 జులైలో, ఏ మార్పులూ చేయొద్దని చెప్పి ఉన్నా వినకుండా రెప్లిట్ అనే కోడింగ్ సైట్ ఏఐ ఏజెంట్ ఒకరి లైవ్ డేటాబేస్‌ని చెరిపేసింది. ఆ సంస్థ సీఈఓ క్షమాపణ చెప్పి, ప్రయోగాల డేటాబేస్‌నీ అసలుదాన్నీ వేరు చేసే ఏర్పాటు మొదలెట్టారు.

ఇక డాక్యుమెంట్ సంగతి. నలభై పేజీలది ఎవరూ చదవలేదు, పోతే పోనివ్వండి. ఒక్క పేజీ మాత్రం మీ చేత్తో రాయండి: ఎవరి కోసం, ఏ ఇబ్బందికి, ఏది చేయబోవట్లేదు. దాన్ని ఏఐతో రాయించొద్దు, రాస్తున్నప్పుడే మనకి తెలియనిది బయటపడుతుంది.

ప్ర: టీమ్ లీడ్‌ని. నేను కోడ్ రాసి నెలలైంది, రోజంతా రివ్యూలే. జూనియర్లు ఒక్కొక్కరు రెండు వేల లైన్ల పుల్ రిక్వెస్ట్ (కొత్త కోడ్ చూసి కలపమని అడగడం) పెడతారు. ఏదైనా అడిగితే 'ఏఐ ఇచ్చిందన్నా' అంటారు. స్పీడ్ పెరిగిందని మేనేజ్‌మెంట్ సంబరం.
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జ: పెరిగింది టైపింగ్ స్పీడ్ తమ్ముడూ, క్యూ మీ గుమ్మం ముందుకి జరిగింది. మీ మేనేజ్‌మెంట్‌కి మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో ఇచ్చిన ఫలితం చూపించండి. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు, తమకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేస్తే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. తమాషా ఏంటంటే అయిపోయాక కూడా 20 శాతం తొందరగా చేశామనే వాళ్లు నమ్మారు. పదహారు మందిని చూసి లోకమంతా ఇంతే అనకూడదు, ఆనాటి టూల్స్ కన్నా ఇప్పటివి మెరుగు కూడా. కానీ 'స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తోంది' అన్న మాటని లెక్కలోకి తీసుకోవద్దనడానికి ఇది చాలు.

రేపటి నుంచి, పెట్టినవాడు తెర పంచుకుని ఏ లైను ఎందుకుందో చెప్పలేకపోతే రివ్యూ మొదలెట్టకండి. మూడు నాలుగొందల లైన్లు దాటితే ముక్కలు చేసుకు రమ్మనండి. రెండు వారాలు గోల ఉంటుంది. 'ఏఐ ఇచ్చిందన్నా' అన్నవాడితో 'రాత్రి రెండింటికి సిస్టమ్ పడిపోతే ఫోన్ ఏఐకి చేయాలా, నీకా' అనండి. నేను అలాగే అనేవాణ్ణి, కాస్త కటువుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

ప్ర: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడు, సీఎస్ఈ. కోడింగ్ పనైపోయింది, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేర్పించండి, లక్షన్నర అని ఫోన్లు. కంపెనీలు జనాన్ని తీసేస్తున్నాయని పేపర్లో చూసి భయంగా ఉంది. చేర్పించమంటారా?
- ఒక తండ్రి, నంద్యాల

జ: వద్దండీ. కాలేజీ నుంచి నేరుగా ప్రొడక్ట్ మేనేజర్‌గా తీసుకునే కంపెనీలు ముందూ తక్కువే, ఆ కొద్ది దారీ మారుతోంది. లింక్డ్‌ఇన్ అయితే అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ ప్రోగ్రామ్ తీసేసి దాని బదులు ప్రొడక్ట్ బిల్డర్ అని పెట్టింది, అంటే కోడూ డిజైనూ ప్రొడక్టూ మూడూ కొంచెం కొంచెం రావాలని. పేపర్లో చూశానన్నారు, టీసీఎస్ వార్త అయ్యుంటుంది. 2025 జులైలో 2 శాతం, అంటే పన్నెండు వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గిస్తామంది. అవి ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లవి, కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు కుదరకపోవడమని వాళ్ల సీఈఓ అన్నారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

మీ వీధిలో మందుల షాపు ఉంటుందిగా? ఎక్స్‌పైరీ తేదీలు నోట్‌బుక్‌లో రాసుకునే షాపు. దానికోసం ఓ చిన్న యాప్ చేసిపెట్టమనండి, ఏఐతోనే చేయనివ్వండి, తప్పులేదు. చేయడానికి వారం పడుతుంది. ఆ తర్వాత ఆరు నెలలు షాపాయన 'బాబూ, స్ట్రిప్ సగం కోసి అమ్మితే ఎక్కడ కొట్టాలి' అని చేసే ఫోన్లు వాణ్ణే ఎత్తనివ్వండి. లక్షన్నరలో ఓ మంచి ల్యాప్‌టాప్ కొనిపెట్టి మిగతాది దాచుకోండి.